బిల్లు మీద ఆర్విడ్ పేరు

నార్త్ డకోటా, జూన్ 9

మేనేజర్ హాల్వర్సన్ గారికి,

నిన్న మన టెలిఫోన్ సహకార సంఘం సమావేశంలో నాకు ఓటు చీటీ ఇవ్వలేదు. "సభ్యుడు మీ ఆయన కదండీ, ఆయన్ని పంపండి" అంది బల్ల దగ్గరి గుమాస్తా. "పిలిస్తే వచ్చేంత దూరంలో లేడమ్మా" అన్నాను.

మా ఆయన ఆర్విడ్ పోయి ఆరేళ్లయినా బిల్లు ఆయన పేరుతోనే వస్తోంది. తప్పు నాదే. చెబితే సంఘం అచ్చువేసే ఫోన్ పుస్తకంలోంచి ఆయన పేరు తీసేస్తారని ఊరుకున్నాను.

మా రోడ్డుకు ఇంటర్నెట్ కేబుల్ వేయడంపై ఓట్లు సమానమయ్యాయి, అక్టోబరులో మళ్లీ ఓటింగు పెడతారట. కేబుల్ వస్తేనే నా పొలం కౌలుకు చేస్తున్న జంట ఇక్కడ ఇల్లు కట్టుకుంటారు. ఆ అమ్మాయికిప్పుడు అయిదో నెల.

సభ్యత్వం నా పేరుకు మార్చమని దరఖాస్తు జతచేశాను. బిల్లు మీదా, పుస్తకంలోనూ నా పేరే వేయండి. ఆర్విడ్ ఏమీ అనుకోడు. ఈ రోడ్డుకు మొదటి ఫోన్ లైను వచ్చినప్పుడు స్తంభాల గుంతలు తవ్వింది ఆయనే.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు