మాస్టారి పైకప్పు

కింది వాటా డ్రిల్లు మాస్టారికి,

మీ పైవాటా బొద్దమ్మ నమస్కారాలు. ఈ మహమ్మారి వల్ల పార్కు మూసేశాక నా నడక ఆగింది, నడుము పెరగడం మాత్రం ఆగలేదు. అందుకే పొద్దున్నే వంటింట్లో గెంతుతున్నాను. మొన్న మీరు కర్రతో పైకప్పు పొడిచేసరికి గెంతుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. “నీ దెబ్బకి పాపం ఆయన ఫ్యాను ఊడిపడి ఉంటుంది” అన్నారు మా ఆయన. సిగ్గుతో చచ్చిపోయి గెంతడం మానేశాను.

ఇవాళ కూరల కోసం బాల్కనీలోంచి బుట్ట దించితే అందులో మీ చీటీ వచ్చింది. “ఎందుకు ఆపేశావమ్మా? నేను పొడిచింది చప్పుడుకి కాదు. నీ గెంతుల లెక్కలో మూడు తప్పి, రెండు తర్వాత నాలుగు పడుతోంది. రేపటి నుంచి నేను ఈల వేస్తా, దాని ప్రకారం గెంతు.” చదివి పడీపడీ నవ్వాను మాస్టారూ!

అలాగే గెంతుతాను. మా ఆయన కూడా వరసలో నిలబడతారట. కానీ బడి మూసేశాక మీరు పడక్కుర్చీ దిగడం లేదనీ, చొక్కా గుండీలు పట్టడం లేదనీ మీ అమ్మాయి చెప్పింది. కూర్చుని ఈల వేస్తే నేనొప్పుకోను. మీరూ గెంతాలి. మీ నేల కూడా కింద దర్జీగారికి పైకప్పే కదా! ఆయన కర్ర ఎత్తేదాకా ఆపకండి.

ఇట్లు,
మీ నెత్తిమీది శిష్యురాలు