సైకిలు మెడకి దారం కొలత

పానాల మహారాణి, మా మనవరాలికి తాత దీవెనలు.

మన పాత సైకిలుకి హ్యాండిలు మెడ మార్చాలి తల్లీ. అదే, హ్యాండిలుని ముందు చక్రం పైన పట్టుకుని నిలబెట్టే ఇనప ముక్క. పేరు నాకు రాదు. అయిదో తరగతి రెండుసార్లు చదివినా అందులో సైకిలు పాఠం రాలేదు. ఇప్పుడున్న మెడ పొడుగు. పడిపోయిన చిల్లర వెతుక్కుంటున్నట్టు ముందుకి వంగి తొక్కాల్సొస్తోంది. నిటారుగా కూర్చుని, పొద్దున్నే మంచులో వంతెన దాకా, కలలో పోయినట్టు పోవాలి. భుజం నుంచి పిడికిలి దాకా కొలిచిన దారం కవర్లో పెట్టాను.

ఇట్లు, తాత.

తా.క. దారం మీ అమ్మమ్మ కుట్టుపెట్టెలోది. తిరిగి పంపు. లేకపోతే నా చెవి మెలేస్తుంది.

•

తాతయ్యకి నమస్కారాలు.

నువ్వు మెడ అన్నదాన్ని మా సైకిలు షాపులో స్టెమ్ అంటాం. ముందుకి తక్కువ సాగి, పైకి ఎక్కువ లేచేది పెడితే నిటారుగా కూర్చోవచ్చు. నా బెంగ అది కాదు. దారం చూశాక నాకు అన్నం సయించలేదు. నీ చొక్కాలు కొనేది నేనేగా, నీ చెయ్యి దీనికన్నా బెత్తెడు పొడుగు. అటక మీది డబ్బా స్టూలు లేకుండా దించేవాడివి. ఏమైంది? డాక్టరుకి చూపించుకున్నావా?

నీ మనవరాలు.

తా.క. సైకిలు ముట్టుకోకు.

•

బెంగల బుట్టకి తాత దీవెనలు.

ముసలాడంటే ఉతికిన చొక్కాయే, కాస్త కుంచించుకుపోతాడు. డాక్టరు దగ్గరికెందుకు, ఆయనా పొట్టివాడే. మెడ పంపు. సీటు కూడా బాగా దించాలి, రెండు కాళ్లూ నేలకి ఆనాలి. బ్రేకు మెత్తగా ఉండాలి, పిడికిట్లో అంత బలం లేదు. నిన్న పెరట్లో పడితే మోచెయ్యి గీరుకుంది. పెద్ద దెబ్బేం కాదు.

ఇట్లు, తాత.

తా.క. గాజులు పగల్లేదు, అదే అదృష్టం.

•

తాతయ్యా,

చేతులు కురచైపోయాయి, కాళ్లు నేలకందట్లేదు, పైగా గాజులేసుకుని తిరుగుతున్నావు. ఆదివారం వస్తున్నా. సైకిలు నాతో పట్టుకుపోతా. స్టెమ్ ముందే పార్సిల్లో బయల్దేరిపోయింది, వచ్చినా విప్పకు. నేనొచ్చేదాకా నిన్ను గడప దాటనివ్వొద్దని అమ్మమ్మకి చెప్పు.

నీ మనవరాలు.

తా.క. అమ్మమ్మ ఈ మధ్య ఉత్తరం రాయట్లేదేం? ఆవిడొక్కర్తయినా కుదురుగా ఉందా?

•

సైకిలు దొంగకి తాత దీవెనలు.

ఆగు తల్లీ, సైకిలు పట్టుకుపోకు. నా చేతులు పాత పొడుగే ఉన్నాయి. ఆ దారం మీ అమ్మమ్మ చేతి కొలత. వీధి చివరి దాకా పడకుండా వెళ్లేవరకూ ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది. "పెళ్లయిన దగ్గర్నుంచీ వెనక కూర్చుని నీ వీపు తప్ప ఏం చూశాను? ఒక్కసారైనా దారి చూడాలి" అంది. ఇన్నేళ్లూ నా వీపు అంత చక్కగా ఉందనుకున్నా.

ఈ పొద్దున మెడ బిగించాం. వీధంతా పాలల్లో మునిగినట్టుంది. దీపాలింకా ఆరలేదు. మీ అమ్మమ్మ నిటారుగా కూర్చుని మంచులోకి వెళ్లిపోయింది. చాలాసేపు గంట చప్పుడు కూడా లేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డా. వీధి చివర తిరిగొచ్చి, కాలు ఆనించి, "ఎక్కు" అంది.

ఒట్టు అక్కడితో తీరిపోయింది. బేకరీ దాటాం, తాళాల కొట్టు దాటాం, వంతెనెక్కాం. మంచే పక్కకి జరిగి దారిచ్చింది. కింద ఏరుందో మబ్బుందో తెలీలేదు. నిద్రేమో, గిల్లుకుని చూద్దామంటే చేతులు ఖాళీ లేవు, క్యారియరు పట్టుకుని ఉన్నాయి.

ఇట్లు, వెనక సీటు తాత.

తా.క. వీపు తప్ప ఏం కనపడదన్నది నిజమే. ఆదివారం వచ్చేటప్పుడు క్యారియరు మీదకి ఓ మెత్త పట్రా. కొలత దారం కవర్లో ఉంది. ఎక్కడ కొలిచానని మాత్రం అడక్కు.