మానకూడని పుండు

మందమర్రి,
1991 జూన్

ప్రియమైన తమ్ముడు దస్తగిర్‌కు,

ఆపా దువాలు. దవాఖానలో నీ దవడ పళ్లు రెండు తీసి, కుళ్లిన ఎముకను గీకేశారని షాహీదా రాయించిన కార్డు అందింది. నీ భార్య మంచిది, కానీ నిన్ను అదుపులో పెట్టలేదు. అందుకే నేను రాస్తున్నాను.

గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో ఉంచుకుని, తల వంచి జారవిడువు. గట్టిగా పుక్కిలించకు. గాయం మీద గడ్డకట్టిన నెత్తురు ఊడితే నొప్పి చెవిదాకా పాకుతుంది. పోయినేడు నాకు పన్ను తీసినప్పుడు తెలిసొచ్చింది. తల కింద రెండు మెత్తలు పెట్టుకో. జొన్నగట్క పలుచగా చేయించుకుని, చల్లారాక తాగు.

అసలు మాట తంబాకు. బొగ్గుబాయి లోపల బీడీ ముట్టించనివ్వరు కాబట్టి మీరంతా దాన్ని సున్నంతో నలిపి చెంపలో పెడతారు. ఇప్పుడు ఆ చెంపలో కుట్లున్నాయి. మరిచిపోకు.

ప్రతి నమాజులో నీ గాయం గురించే అడుగుతున్నాను.

నీ ఆపా,
రబియా బీ


సెంటినరీ కాలనీ,
జూలై

ప్రియమైన ఆపాకు సలాం.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే షాహీదా నవ్వింది. "నేను మొత్తుకుంటే చెవిన వెయ్యడు. మందమర్రి నుంచి హుకుం రాంగనే సిపాయి లెక్క కూసుంటడు" అంటోంది. నేనూ నవ్వుదామంటే నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోదు.

పగలు ఎట్లనో గడుస్తుంది. పడుకుంటే మాత్రం దవడలో డ్రిల్లు మిషను నడిచినట్టే. తడిబట్టలో ఐసు చుట్టి పెట్టుకుంటున్నాను. కుట్లు విప్పారు గానీ చీము ఆగలేదు. "ఇప్పటికి మానాలె కదయ్యా!" అని డాక్టరు విసుక్కున్నాడు. సిక్ లీవు పొడిగించారు.

గులాం అలీ ఇంట్లోనే ఉన్నాడు. ఇంటరు పాసై ఏళ్లయినా ఎవరూ పనికి పిలవలేదు. తండ్రీకొడుకులం ఎదురెదురుగా కూర్చుని గోడలు చూస్తున్నాం.

నా గురించి ఫికర్ చెయ్యకు.

నీ తమ్ముడు,
దస్తగిర్


మందమర్రి,
ఆగస్టు

ప్రియమైన దస్తగిర్,

నీ షిఫ్టువాడు ఎల్లేశం ఇక్కడ పెళ్లికి వచ్చి నన్నూ చూసి వెళ్లాడు. చాయ్ తాగుతూ, "నీ తమ్ముడు మస్తు మొండోడక్కా. కోసిన చెంపలనే తంబాకు పెడుతుండు. ఏందన్నా గిదంటే, నొప్పి తెల్వదురా అంటడు" అన్నాడు.

అతను పోయాక ఆలోచించాను. బాయిలో పైకప్పు పడి కాలు విరిగినప్పుడు కూడా నువ్వు కన్నీరు పెట్టలేదు. నొప్పికి తాళలేక ఈ పని చేసే మనిషివి కావు. తంబాకుతో పుండు కుళ్లుతుందని నీకు తెలుసు. తెలిసీ పెడుతున్నావు.

ఎందుకో సూటిగా రాయి.

నీ ఆపా


సెంటినరీ కాలనీ,
సెప్టెంబరు

ప్రియమైన ఆపాకు,

నీ దగ్గర ఏదీ దాగదు.

గాయం మానితే నన్ను మళ్లీ బాయిలోకి దింపుతారు. మానకుంటే మెడికల్ బోర్డుకు పంపుతారు. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే నా కొలువు నా కొడుక్కి వస్తుంది. వాడికి వయసు దాటిపోతోంది ఆపా. మొన్న అన్నం ముందు కూర్చుని, "నాకు కొంచెం తక్కువ పెట్టమ్మీ, నేనేం పని చేసిన" అన్నాడు. ఆ మాట నా దవడ కంటే ఎక్కువ సలిపింది.

ఇంత బొగ్గు మోసినవాణ్ని, ఒక్క పుండు మొయ్యలేనా? షాహీదాకు తెలియదు. వాడికి అసలే తెలియదు. బోర్డు అయ్యేదాకా నా గాయం కోసం దువా చెయ్యకు. అది నాకు అడ్డం వస్తుంది.

దస్తగిర్


మందమర్రి,
సెప్టెంబరు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నమాజు చేసే జానమాజ్ చాప మీదే కూర్చుండిపోయాను. ఈ ఒళ్లు అల్లా మనకు అప్పగించింది, పాడుచేసే హక్కు మనకు లేదు. ఈ శుక్రవారం జుమ్మాతో ఆపెయ్యి. నా దువా మాత్రం ఆగదు.

ఆపా


సెంటినరీ కాలనీ,
డిసెంబరు

ప్రియమైన ఆపాకు,

బోర్డు అన్‌ఫిట్ అని రాసింది. మా క్వార్టర్ల లైనంతా వచ్చి ముబారక్ చెప్పారు. షాహీదా మిఠాయి పంచింది. నేను పాలు తాగబోతే పెదవి పక్కనుంచి కారిపోయాయి.

ఆ తర్వాత డాక్టరు నన్నొక్కణ్నే పిలిచాడు. పుండులోంచి ముక్క తీసి హైదరాబాద్‌కు పంపారట. క్యాన్సర్ అని వచ్చింది. సగం దవడ తీసెయ్యాలన్నాడు. పుండు నేను చెప్పినట్టు వింటుందనుకున్నాను ఆపా.

నా రోగం సంగతి ఇంట్లో తెలిశాక, కోసిన చెంపలో తంబాకు పెట్టానని ఎల్లేశం నోరు జారాడు. అది తన కొలువు కోసమేనని అర్థమై గులాం అలీ చెప్పకుండా ఇల్లు వదిలి పోయాడు. నీ దగ్గరికి వచ్చాడా? ఇప్పుడు దువా చెయ్యి. నాకు కాదు, వాడికి.

దస్తగిర్


మందమర్రి,
డిసెంబరు

ప్రియమైన నా తమ్ముడికి,

వాడు నా దగ్గరే ఉన్నాడు. వచ్చిన రోజంతా ఏమీ ముట్టలేదు. "అబ్బా దవడ తీసుకొని ఇచ్చే కొలువు నాకొద్దు ఫుప్పూ" అని ఒకటే మాట.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక చెప్పాను: "నువ్వు వద్దంటే ఆయన దవడ మళ్లొస్తదా బేటా? పోయి బాయి దిగు." నిన్ను ఆపమన్న నోటితోనే వాణ్ని దిగమన్నాను. న్యాయమా అని అల్లాను అడిగాను. వాడు గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చాడు. తర్వాత రొట్టె అడిగి తిన్నాడు.

రేపు వాణ్ని వెంటబెట్టుకుని వస్తున్నాను. నీతో హైదరాబాద్‌కు షాహీదా వస్తుంది. వాడికి కొలువు ఆర్డరు వచ్చినా రాకున్నా క్వార్టరులో నేనుంటాను. బాయి దిగే తొలిరోజు సద్ది నేనే కట్టి పంపుతాను.

ఆపరేషన్ అయ్యాక మాట రాదంటున్నారు. నొప్పి వస్తే చెయ్యెత్తి నర్సమ్మను పిలువు, మందు అడుగు. ఇక ఓర్చుకోకు తమ్ముడూ. ఓర్చుకుని సంపాదించేది ఇంకేమీ లేదు.

నీ ఆపా,
రబియా బీ