మమత పాట ఎలా ఉండేదంటే

గోడాదరా, సూరత్

అక్కా,

నీ కాళ్ళకు మొక్కి చెల్లెలు పద్మ రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు క్షేమమే అనుకుంటాను. బావ కరోనాకు రెండో సూది వేయించుకున్నాడా? ఇక్కడ మీ మరిది, నేను బాగానే ఉన్నాం. బట్ట నేసే సాంచాలు మళ్ళీ నడుస్తున్నాయి. నేను ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్ళు అతికిస్తున్నాను. వాన విడవడం లేదు, జిగురు ఆరడం లేదు. ఇప్పుడు వేళకు తింటున్నాను, నా గురించి రంది పెట్టుకోకు.

మొన్న ఫోన్లో నువ్వు "మమత మంచిగ పాడేదట గదనే" అన్నప్పుడు నేను ఫోన్ పెట్టేసింది కోపంతో కాదు. నాకు తెలియక. నా పదిహేనేళ్ళ బిడ్డ, రెండేళ్ళు సంగీతం నేర్చుకుంది. నేను ఒక్కనాడు కూర్చుని వినలేదు. కరోనాలో పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు నీకేం చెప్పను?

దానికి నేర్పిన మీనాబెన్ మా వెనక గల్లీలోనే ఉంటుంది. గుజరాతీ ఆమె, నాతో హిందీలో మాట్లాడుతుంది. పోయి అడిగాను, నా బిడ్డ మంచిగా పాడేదా అని. "నేను చెబితే నమ్ముతావు, అంతే. వినడం నేర్చుకో, నీకే తెలుస్తుంది" అన్నది.

అప్పటినుంచి ఆదివారాలు పోతున్నాను. మూతికి గుడ్డ కట్టుకుని గడపకు చెరో పక్క కూర్చుంటాం. మొదటిరోజు ఒక్క తంబూరానే వినిపించింది. "ఇది 'స'. పాట ఎంత దూరం పోయినా ఇక్కడికే తిరిగొస్తుంది. దీన్ని మనసులో పట్టుకో" అన్నది. తర్వాత తాళం. పదహారు లెక్కపెట్టాలి, మధ్యలో ఒకచోట చప్పట్లు కొట్టకుండా చెయ్యి ఊరికే తిప్పాలి. అది తొందరగానే వచ్చింది, సాంచాల మధ్య పుట్టినదాన్ని కదా. ఆ చెవితోనే తప్పులో కూడా పడ్డాను. చప్పుడు మారితే పోగు తెగినట్టే కదా మనకు. మీనాబెన్ పెట్టిన రికార్డులో పాడే ఆమె ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెల్లగా జారినప్పుడల్లా "తెగింది" అనేదాన్ని. మీనాబెన్ నవ్వి నవ్వి, "తెగలేదు పద్మాబెన్, సాగింది" అన్నది.

ఇంట్లో తాళం వేస్తుంటే మీ మరిది, "ఏందే, కచేరి పెడ్తున్నవా? టికెట్టెంత?" అన్నాడు.

"నీకు ఫ్రీయే, జర కూసో" అన్నాను. కూర్చున్నాడు. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

పోయిన వారం ఇంట్లో ధైర్యం చేసి, మమత తన ఫోన్లో రికార్డు చేసుకున్న పాఠం ఒకటి పెట్టాను. లాక్‌డౌన్ సడలించి సాంచాలు నడిచినా వంటింట్లో కూర్చుని మీనాబెన్‌కు ఫోన్లోనే పాడేది. పాట మంచిగా పోతోంది. అంతలో నా గొంతు వినబడింది. "ఆపుతవా లేదా? మీ బాపు డ్యూటీ చేసొచ్చి గిప్పుడే పండుకున్నడు." మమత గొంతు తగ్గించింది. తగ్గించగానే స్వరం కిందికి జారింది. అది జారడం నాకు తెలిసిందక్కా. ఇక వినలేక ఆపేశాను. నా అరుపుకే బిడ్డ పాట చెడిందని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మీనాబెన్ దగ్గర ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, పాఠమే చెప్పింది. "గొంతు తగ్గడం వేరు, స్వరం తగ్గడం వేరు. మెల్లగా పాడినా స్వరం తన చోటనే ఉండాలి. కొత్తవాళ్ళందరికీ జారుతుంది. అది ఆమె నేర్చుకోవలసిన పాఠం, నీ తప్పు కాదు. ముందుకు విను."

విన్నాను. ఆ రికార్డులో మీనాబెన్ "ఫిర్ సే" అంటుంది, మళ్ళీ పాడు అని. మమత పాడింది, జారింది. మళ్ళీ పాడింది, మళ్ళీ జారింది. నాలుగోసారి, బాపు నిద్ర చెడకుండా అంతే చిన్న గొంతుతో, ఆ స్వరం మీద కదలకుండా నిలబడింది. గడపకు అవతల కూర్చున్న మీనాబెన్ నా మొహం చూసింది. నేనే అన్నాను, ఇప్పుడు సరిగ్గా ఉందని.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు. నా అరుపు సంగతి దాటెయ్యకు. బావకు, మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. మా ఇద్దరినీ నువ్వు దీవించు.

మమత మంచిగా పాడేది అక్కా. ఎవరో అంటే చెప్పడం లేదు, నేను విన్నాను.

నీ చెల్లెలు
పద్మ