ఉమ్మెత్తాకు డబ్బా

నాయనా, బొగ్గుతో నడిచే పూతలపట్టు బస్సు వచ్చేలోపల రాస్తున్నాను. సంగటి ఉట్టిలో ఉండాది. ఆయాసమొస్తే పొగ పీల్చడానికి రెండు ఉమ్మెత్తాకులే బయట పెట్టినాను. డబ్బా దాచినాను.

వారానికి తెచ్చిన ఆకు మూడు రోజుల్లో ఎట్లా అయిపోయింది? అడిగితే "ఎలకలు తినుంటాయిలేమ్మా" అంటివి. ఉమ్మెత్త తినే ఎలక యాడుంది? పోనీ నువ్వే పీల్చినావంటే, అంత పొగకు కళ్లు మసకబారాల. నిన్న నువ్వు ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించినావు. నీతోపాటు దగ్గుతూ కూర్చునే చెంగయ్య మామే మన గడప కనపడక తూలినాడు.

పూతలపట్టు వైద్యుణ్ణి ఆయనకెంత పొగ సరిపోతుందో అడిగి, ఇద్దరికీ ఆకు తెస్తాను. అంతవరకూ ఆయనకు ఇవ్వొద్దు. ప్రాణం మీదికొస్తుంది.

నీ కూతురు వసంత

మామకు చెప్పు, ఎలక దొరికిందని. ఆకు ఆయనకిచ్చేసి నువ్వు గోడకానుకుని ఎగపోస్తా ఉంటే నేను చూడలేదనుకున్నావా?