సన్నబడ్డ ధార

జూన్ 9, సోమవారం

ఈ రోజు కూడా బాత్రూంలో చాలాసేపు నిలబడ్డాను. ముక్కితే గానీ మూత్రం రావడం లేదు. వచ్చినా దారమంత ధార. మధ్యలో ఆగిపోతుంది. బయటికి రాగానే మళ్లీ పోవాలనిపిస్తుంది. నలభై ఒక్క ఏళ్లకే ఇదేంటి? చంద్రిక తలుపు కొట్టి, లోపట ఫోన్ల ఎవరితోటి మాట్లాడుతున్నవని అడిగింది. ఎవరితోనూ కాదన్నాను. నా భార్య నా మాట నమ్మకపోవడం ఇదే మొదటిసారి.

జూన్ 12

వైరింగ్ పనికి పోయిన చోట నీళ్లు తాగడం మానేశాను.

జూన్ 17

మంట ఎక్కువైంది. బస్టాండ్ దగ్గరి మెడికల్ షాపులో గొంతు తగ్గించి చెప్పాను. షాపతను తగ్గించలేదు. బయటి తిరుగుళ్లు తిరిగితే గిట్లనే అయితదని నవ్వుతూ గోలీలు చేతిలో పెట్టాడు. చుట్టూ జనం. ఏం చెయ్యాలో తెలియక నేనూ నవ్వాను. వెనక్కి తిరిగితే మా గల్లీ ఆశా వర్కర్ నిలబడి ఉంది.

జూన్ 18

ఆ ఆశా వర్కర్ ఇంట్లో చెప్పినట్టుంది. చంద్రిక అన్నం పెట్టి, ఎవరామె అని అడిగింది. ఎవరూ లేరన్నాను. మరి నా దిక్కుకే ఎందుకు వస్తలేవంది. నొప్పి అని చెప్పాలి. అలసట అన్నాను. తను దిండు తీసుకుని ముందు గదిలోకి పోయింది.

జూన్ 19

ఎవరూ లేరు. ఇక్కడైనా రాస్తున్నాను.

జూన్ 25

నిన్న రాయలేకపోయాను. రామాయంపేటలో కొత్త ఇంటికి స్విచ్ బోర్డులు బిగిస్తున్నాను. పొద్దుటి నుంచి ఒక్క చుక్క రాలేదు. మధ్యాహ్నానికి పొత్తికడుపు రాయిలా అయింది. చెమటలు. గోడ పట్టుకుని కూలబడ్డాను. ఆ ఇల్లు కట్టిస్తున్నాయన చంద్రికకు ఫోన్ చేసి, తన కారులోనే మెదక్ తీసుకొచ్చాడు.

దవాఖానలో నర్సు కింది నుంచి పైపు వేయబోతే లోపలికి పోలేదు. అరిచాను. రచన అనే డాక్టరమ్మ వచ్చి, బొడ్డు కింద మత్తిచ్చి, అక్కడి నుంచే సన్నటి పైపు వేసింది. సంచి నిండుతుంటే ఏడుపొచ్చింది. అంత హాయి.

అప్పుడు అడిగింది, ఎప్పుడన్నా కాళ్ల నడుమ దెబ్బ తగిలిందా అని. లేదన్నాను. చంద్రిక ఊరుకోలేదు. "కౌడిపల్లిల నిచ్చెన మీదికెళ్లి పడలేదా? జర యాద్ చేస్కో" అంది. నిజమే. రెండేళ్ల కిందట ఇనుప పైపు మీద అడ్డంగా పడ్డాను. నాలుగు చుక్కల రక్తం, నల్లగా కమిలిన మచ్చ. తగ్గిపోయింది, మరిచిపోయాను. బయట మానినా లోపల మూత్రం పోయే దారి గట్టిపడి మూసుకుపోతూ వచ్చిందట. స్ట్రిక్చర్ అంటారట.

చంద్రిక సూటిగా అడిగేసింది, "మేడం, తిరుగుళ్లతోని గాదా?" కొందరికి ఇన్ఫెక్షన్ వల్ల కూడా వస్తుంది, ఇతనికి మాత్రం ఆ దెబ్బతోనే అని చెప్పింది డాక్టరమ్మ. దేనివల్ల వచ్చినా రోగం రోగమే, తిట్టి లాభం లేదమ్మా అంది.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో చంద్రిక మూత్రం సంచిని ఎవరికీ కనపడకుండా తన కొంగు కింద పెట్టుకుంది.

జూన్ 26

అంతా చెప్పేశాను. దగ్గరికొస్తే నొప్పి అని, చెబితే నన్ను మగాడివి కాదంటావని భయపడ్డానని. చాలాసేపు తిట్టింది. "నొప్పి అని ఒక్క మాటంటే నిన్ను తింటనా? ఎవతితోనో ఉన్నవనుకుంట ఎంతగనం ఏడ్సిన్నో నీకెర్కనా?" దిండు మళ్లీ మా గదిలోకి వచ్చింది.

జూన్ 28

చంద్రిక ఆ మెడికల్ షాపుకు పోయి, మా ఆయన నిచ్చెన మీదికెళ్లి పడ్డడని గట్టిగా చెప్పి వచ్చిందట.

జూలై 3

హైదరాబాద్. మందు ఎక్కించి ఎక్స్-రే తీశారు. ఆపరేషన్ చెయ్యాలట. బుగ్గ లోపలి పొర కొంచెం తీసి, ఆ దారికి అతుకుతారట. మళ్లీ చెప్పండి సార్ అన్నాను. మళ్లీ అదే చెప్పాడు సర్జన్. ఆ పొర తడికి అలవాటు పడ్డది, అక్కడ బాగా అతుక్కుంటుందట. బయటికొచ్చాక చంద్రిక నా బుగ్గ పట్టుకుని చూసింది. ఏ దిక్కుదో అడగకపోతివి అంది.

ఆగస్టు 13

నిన్న ఆపరేషన్ అయింది. ఎడమ దిక్కుది. నోరు వాచిపోయింది, చల్లటి జావ తప్ప ఏం దిగడం లేదు. నేను మాట్లాడలేను కాబట్టి ఇద్దరి మాటలూ చంద్రికే మాట్లాడుతోంది.

ఆగస్టు 31

మళ్లీ ఎక్స్-రే. ఎక్కడా లీక్ లేదు. ఎల్లుండి పైపులు తీస్తారు. మళ్లీ మూసుకుపోయే అవకాశం ఉందా అంటే, కొందరికి ఉంటుంది, చెకప్‌లకు వస్తూ ఉండమన్నాడు సర్జన్. ఆకలి లేదు.

సెప్టెంబర్ 2

వచ్చింది. గట్టిగా, ఆగకుండా.

పైపులు తీయించుకుని ఇంటికి రాగానే చంద్రిక వాకిట్లో నిలబడి ఎల్దుర్తిలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసి, "మంచిగ పోసిండే అమ్మా, మస్తుగ పోసిండు" అని అరిచింది. మేడ మీది నుంచి మేం అద్దెకుండే ఇంటి ఓనర్ పద్మమ్మ తొంగి చూసింది. నేను చెయ్యి ఊపాను.