కోసక్క విన్న గొంతు

జగదల్‌పూర్

అమ్మకు ప్రవీణ నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమంతా బాగున్నాం. కోంటాలో మన కొట్టు ఎలా నడుస్తోందో, నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో రాయి. నువ్వు పంపిన అప్పడాలు సినిమా హాలు మేనేజరుకు కూడా కొన్ని ఇచ్చాను. మన సినిమాకు ఆదివారం పొద్దుటి ఆట అద్దె లేకుండా ఇచ్చాడాయన. అంతా అప్పడాల మహిమే అని మీ అల్లుడి వేళాకోళం.

"సినిమా అయిపోయిందంటివి, మళ్ల ఖర్చేంది?" అని అడిగావు. హాల్లో వెయ్యాలంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నది పనికిరాదమ్మా. అక్కడి ప్రొజెక్టరుకు తగ్గట్టు వేరే కాపీ చేయించి డిస్కులో ఇవ్వాలి, డీసీపీ అంటారు. దానికోసం బడ్జెట్‌లో సంగీతం కొట్టేశాను, పోస్టర్లు కొట్టేశాను, మీ అల్లుడి సాయంత్రం టీ కూడా కొట్టేశాను. హిందీ సబ్‌టైటిళ్లు మాత్రం ఉంచాను. సినిమాలోని దోర్లి భాష ఇక్కడి జనానికి అర్థం కావాలి కదా.

సినిమాలో గొంతులు మారిన తప్పు ఎలా జరిగిందనీ అడిగావు. మన కెమెరా సుమన్ పెళ్లి వీడియోలు తీసేవాడు. పెళ్లిళ్ల అలవాటుకొద్దీ సెకనుకు ఇరవై ఐదు బొమ్మల చొప్పున సినిమా అంతా తీసేశాడు. నేనూ చూసుకోలేదు. హాలు లెక్క ఇరవై నాలుగు. ల్యాబువాళ్లు దానికి సరిపోయేలా సాగదీశారు. దాంతో అందరి గొంతులూ పిసరంత నిదానించాయి, పిసరంత బరువెక్కాయి. మాటల్లో తెలియదు, పాటలో తెలుస్తుంది. సరిచెయ్యడానికి వేరే ఖర్చన్నారు. అడగ్గానే గల్లాపెట్టెలోంచి తీసి పంపావు. ఆ రోజు నాకెంత ధైర్యం వచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు.

ఆ పాట కోసక్కది. గొల్లపల్లి సంతలో ఇప్పపువ్వు అమ్ముతుంది. ఆ పాట లేకపోతే మన సినిమానే లేదు. "నా పాట ఖరాబు చెయ్యొద్దు. చేస్తే తీసెయ్యాలె" అని నా దగ్గర మాట తీసుకునే పాడింది. అందుకే ఏదీ దాచకుండా ముందు ఆమెకు వినిపిద్దామని వెళ్లాను. వద్దంటే ఆదివారం ఆట లేనట్టే.

హెడ్‌ఫోన్ పెట్టుకుని కదలకుండా విన్నది. మళ్లీ పెట్టమంది.

"ఎవరు పాడిన్రు?"

"నువ్వే అక్కా. మిషన్ల నిదానమైంది. తప్పు మాదే, సరిచేయిస్త."

"నేను కాదు. నేను ఉరుక్కుంట పాడుత. నన్ను గన్న అవ్వ గిట్ల పాడేది, నిదానంగ. ఆమె పోయినంక ఈ గొంతు మళ్ల వినలే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏం సరిచెయ్యకు. ఉండనియ్."

నాకూ ఏడుపు ఆగలేదమ్మా.

ఇదంతా ఫోన్‌లో చెప్పేదాన్నే. నోరు రానిది ఇంకొకటుంది. గొంతు సరిచెయ్యడానికి నువ్వు పంపిన డబ్బు దానికి వాడలేదు, తిరిగి పంపనూ లేదు. వచ్చేటప్పుడు కోసక్క ఇంకో మాట అడిగింది. కాపీ తయారయ్యాక ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ డబ్బు కట్టి కొత్తగా చేయించాల్సిందే. నిన్ను అడక్కుండానే కట్టేశాను. కోప్పడతావనే ఇన్ని కబుర్లు ముందు రాశాను. కోప్పడినా సరే, ఆదివారానికి మాత్రం తప్పక రా. నీ పక్కనే కూర్చుంటానంది కోసక్క.

కొత్త డిస్కు నిన్న వచ్చింది. హాల్లో వేసి చూశాం. చివర్లో పేర్లు వచ్చేచోట కోసక్క పేరు ఇప్పుడు లేదు. అక్కడ వాళ్లమ్మ పేరుంది. పాడినవారు బుధ్రి అని, తెర నిండా వచ్చింది.

ఇట్లు,
నీ చిన్నకూతురు
ప్రవీణ